ప్రౌఢం ఎవరిది? పదును ఎవరిది?

కొన్నేళ్ళ కిందట ఒక సెమినార్లో నేను పత్రం చదివాను. చదవడం అయిపోయాక అధ్యక్షులవారు ఒకే ఒక్క మాటన్నారు: "విషయం ఉంది, ఆవేశం ఉంది, ప్రౌఢత మాత్రం లేదు." హాల్లో ఎవరూ ఎదురు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. తలూపి, కాగితాలు మడుచుకొని కిందికి దిగాను.

ఆ రాత్రి హాస్టల్లో కూచుని పత్రమంతా తిరగరాశాను. 'మాట' ఉన్నచోట 'వాగ్వ్యవహారం' అని పెట్టాను. 'పని' ఉన్నచోట 'శ్రమప్రక్రియ' అన్నాను. 'మావాళ్ళు' ఉన్నచోట 'అధ్యయన పరిధిలోని సముదాయం' అన్నాను. తెల్లారి చదువుకుంటే కొత్తగా తెలిసిన విషయం ఒక్కటీ అందులో చేరలేదు. మావాళ్ళు మాత్రం అందులోంచి వెళ్ళిపోయారు.

ఆ అధ్యక్షుడి మీద కోపం తీర్చుకోవడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఆయన అన్నది ఆయన సొంత మాట కాదు. తెలుగు శాఖల్లో, పుస్తక సమీక్షల్లో, అవార్డు కమిటీల్లో తరాలుగా తిరుగుతున్న మాట. దళిత రచయిత పుస్తకం వచ్చినప్పుడల్లా దానికి దొరికే మెప్పు చూడండి. ఆవేశం ఉందంటారు, నిజాయితీ ఉందంటారు, మట్టివాసన ఉందంటారు. అంటే ముడిసరుకు మనది, నగిషీ వాళ్ళది. ప్రౌఢం అనేది ఆ నగిషీకి పెట్టిన పేరు. ఆ పేరు ఎక్కడ పుట్టింది, ఎలా వాడుకలోకొచ్చింది, దాంతో ఎవరిని కొలుస్తున్నారు? ఈ లెక్క మనమే తేల్చుకోవాలి.

మోసే మాట

ప్రౌఢ అనే సంస్కృత పదాన్ని విడదీస్తే ప్ర, ఊఢ అని వస్తుంది. ఊఢ అనేది 'వహ్' ధాతువులోంచి పుట్టింది. వహించడం, వాహనం, వివాహం అన్నీ ఆ ఇంటి పిల్లలే. 'వహ్' అంటే మొయ్యడం. ఎదిగినది, నిండినది, ముదిరినది, ధైర్యం గలది, నేర్పు గలది అనే అర్థాలన్నీ ఆ మోత మీద తర్వాత పేరుకున్నవి. బరువు మోసేవాళ్ళ మాట మొయ్యనివాళ్ళ బిరుదుగా మారిందన్నమాట. ధాతువును బట్టి నేటి అర్థాన్ని తేల్చలేమని నాకూ తెలుసు. కానీ ధాతువులు చూపించి మనల్ని చాలాకాలం భయపెట్టారు గనుక ఒక్కసారి మనమూ చూడటంలో తప్పులేదు.

అసలు సంగతి పక్క భాషల్లో ఉంది. హిందీలో వయోజన విద్యను ప్రౌఢ శిక్షా అంటారు. రాత్రిపూట లాంతరు ముందు పలక పట్టుకున్న కూలి మనిషి అక్కడ ప్రౌఢుడు, ప్రౌఢురాలు. కన్నడంలో హైస్కూలును ప్రౌఢశాలె అంటారు. మరాఠీలో వయోజన ఓటుహక్కును ప్రౌఢ మతాధికారమంటారు. ఈ మూడుచోట్లా ప్రౌఢం అంటే వయసొచ్చినవాళ్ళు, ఎదుగుతున్నవాళ్ళు. అది మనిషై పుట్టినవాళ్ళందరికీ కాలం ఇచ్చే హోదా.

తెలుగులో మాత్రం ఓటు దగ్గర, రాత్రి బడి దగ్గర 'వయోజన' అనే మాట వచ్చింది. ప్రౌఢం వచ్చి ప్రబంధం దగ్గర, పాండిత్యం దగ్గర, వ్యాకరణం దగ్గర స్థిరపడింది. దీని వెనక ఎవరో కుట్ర చేశారని నేననడం లేదు. ఫలితం మాత్రం కళ్ళముందుంది. పక్క రాష్ట్రాల్లో మా అమ్మలాంటివాళ్ళకు కూడా దక్కే మాట, మన దగ్గర మా అమ్మ దాకా రాలేదు.

ఇక్కడ అంబేడ్కర్‌ను గుర్తుచేసుకోవాలి. సైమన్ కమిషన్ పని మీద ఉన్న రోజుల్లో, 1928, 1929లలో, వయోజన ఓటుహక్కు కావాలని ఆయన గట్టిగా వాదించాడు. చదువురానివాళ్ళకు ఓటెందుకని అడిగినవాళ్ళకు ఆయనిచ్చిన జవాబులో రెండు ముక్కలున్నాయి. చదువు లేనంత మాత్రాన తెలివి లేదనుకోవడం మొదటి తప్పు. చదువుంటే తెలివి దానంతటదే పెరుగుతుందనుకోవడం రెండో తప్పు. రాజ్యాంగంలోని 326వ అధికరణం కిందికి వచ్చేసరికి ఓటుకు చదువు పరీక్ష లేకుండా పోయింది. రాజకీయాల్లో ఆ పరీక్ష పోయి డెబ్బయ్యేళ్ళు దాటింది. సాహిత్యంలో ఇంకా నడుస్తూనే ఉంది. ప్రౌఢత లేదనడం ఆ పరీక్షలో ఫెయిలు చెయ్యడమే.

కొలబద్ద ఎలా మారింది?

పాత లాక్షణికులందరూ ప్రౌఢమంటే కఠినమనే అన్నారా? అనలేదు. ఎనిమిదో శతాబ్ది చివర కాశ్మీరంలో ఉన్న వామనుడు 'ప్రౌఢి'ని అయిదు రకాలుగా చెప్పాడు. ఒక మాటతో పోయేదాన్ని వాక్యంగా చెప్పడం, వాక్యమంత అర్థాన్ని ఒక్క మాటలో పెట్టడం, విస్తరించడం, కుదించడం, ఊరికే వెయ్యకుండా ఒక ఉద్దేశంతో విశేషణం వెయ్యడం. ఆమె దేవత కాదు, మనిషేనని చెప్పడానికి బదులు 'రెప్ప వేస్తోంది' అంటే చాలునన్నది ఆయన చూపిన తీరు. ఇందులో కొరుకుడుపడని సమాసం ప్రసక్తే లేదు. రెప్ప వెయ్యడం చూసే కన్నుంటే చాలు.

ఈ లెక్కన మా ఊరి నాట్ల కూలీల మాటల్లో ప్రౌఢి లేదని ఎవరైనా అనగలరా? కానీ కొలబద్ద అక్కడ ఆగలేదు. ప్రౌఢానికి ఎదురుగా 'గ్రామ్యం' అనే దోషాన్ని నిలబెట్టారు. గ్రామంలో పుట్టిందంటే చాలు, అది దోషం. 19వ శతాబ్దంలో చిన్నయసూరి బాలవ్యాకరణం రాసి, లక్షణానికి విరుద్ధమైన భాష గ్రామ్యమని తేల్చాడు. దానికి అనుబంధంగా బహుజనపల్లి సీతారామాచార్యులు రాసినదానికి ప్రౌఢవ్యాకరణమనే పేరు నిలిచింది. బాల నుంచి ప్రౌఢకు, పిల్లల మెట్టు నుంచి పెద్దల మెట్టుకు. మరి గ్రామ్యం మాట్లాడేవాళ్ళు ఏ మెట్టు మీద ఉన్నట్టు? ఏ మెట్టు మీదా లేరు. అరుగు కింద ఉన్నారు.

చిన్నయసూరి స్వయంగా బ్రాహ్మణుడు కాడనేది కూడా మరిచిపోకూడదు. కొలబద్దను పట్టుకునే చెయ్యి మారినంత మాత్రాన కొలత మారదు. తర్వాత గిడుగు రామమూర్తి నడిపిన వ్యావహారిక భాషోద్యమం గ్రాంథికాన్ని ఓడించింది. అది పెద్ద మేలే. దానివల్లే నేనీ వ్యాసం ఇలా రాయగలుగుతున్నాను. అయినా గెలిచింది శిష్ట వ్యావహారికం, అంటే చదువుకున్న పై కులాలవాళ్ళ వ్యవహారం. గూడెం వ్యవహారం మళ్ళీ బయటే ఉండిపోయింది.

ప్రౌఢ ప్రబంధమనగానే పండితులు ముందు చెప్పే పేరు కృష్ణదేవరాయల ఆముక్తమాల్యద. అందులో మాలదాసరి కథ ఉంది. బ్రహ్మరాక్షసుడైన బ్రాహ్మణుడు, దాసరి పాడిన పాట ఫలాన్ని తనకు ధారపొయ్యమని ఆ మాలదాసరిని బతిమాలతాడు. ఆలోచించండి. కథలో బ్రాహ్మణుడికి గతి చూపించింది మాలవాడి పాట. ఆ కథ ఉన్న భాషేమో వేదం వెంకటరాయశాస్త్రి వ్యాఖ్యానం పక్కన పెట్టుకుంటే గాని పండితులకే నడవదు. దాసరి పాటకు విలువుందని పుస్తకమే ఒప్పుకుంది. కానీ ఆ పుస్తకం చేతికొచ్చినా మాలపల్లెలో దాన్ని చదవగల చదువును లోకం అంటనివ్వలేదు. ప్రౌఢం ఆ దూరాన్ని సృష్టించిందని నేననను. కులం సృష్టించిన దూరాన్ని ప్రౌఢం అందంగా చూపించింది.

శ్రీనాథుడి కథా అందరికీ తెలిసిందే. ప్రౌఢదేవరాయల కొలువులో గౌడ డిండిమభట్టును ఓడించి, ఆయన కంచుఢక్కను పగలగొట్టించాడని, కనకాభిషేకం చేయించుకున్నాడని చెప్పుకుంటారు. పాండిత్యానికి గుర్తుగా పండితుడు కూడా ఢక్కనే పెట్టుకున్నాడు చూడండి! కంచుఢక్క మోగితే పాండిత్యం. తోలుడప్పు మోగితే మైల. వాయిద్యంలో తేడా కాదిది. దాన్ని పట్టుకున్న చేతిలో తేడా.

జాషువా ముందు పెట్టిన రెండు గుంటలు

గుఱ్ఱం జాషువా (1895-1971) విషయంలో ఈ కొలబద్ద రెండు పనులు చేసింది. ఒకపక్క, ఆయన పద్యం ఎవరికీ తీసిపోదు, ఎంత ప్రౌఢంగా రాశాడని మెచ్చుకుంది. ఆ మెప్పులో వినపడకుండా ఒక 'అయినా' ఉంటుంది. ఆ కులంలో పుట్టినవాడైనా అని. ఇంకోపక్క, కరుణ రసం బాగా పలికిందని జాలి దగ్గర ఆపేసింది.

1941లో వచ్చిన గబ్బిలంలో అసలు చిక్కదనం ఎక్కడుంది? సమాసాల్లో కాదు. కాళిదాసు మేఘాన్ని దూతగా పంపితే జాషువా గబ్బిలాన్ని పంపాడు. గుడిలోకి మనిషికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. దాన్ని మైలనీ, అపశకునమనీ తరిమే లోకమే దేవుడి గర్భగుడిలో దాన్ని వేలాడనిస్తుంది. తలకిందులుగా వేలాడే ప్రాణితో తలకిందులైన ధర్మాన్ని చూపించాడు. ఒక దూతను మార్చి మొత్తం సందేశకావ్య సంప్రదాయాన్నే ప్రశ్నలో పెట్టాడు. ఇంత మెలిక గల ఆలోచనను ప్రౌఢమని చెప్పాల్సింది పోయి, పద్యధారను చూపించి ప్రౌఢమన్నారు.

మన ముందున్న గుంటలు కూడా ఈ రెండే. మేమూ మీలా రాయగలమని నిరూపించుకోవడం మొదటిది. నేను సెమినార్ రాత్రి అందులోనే పడ్డాను. మాకు ప్రౌఢం అక్కర్లేదు, మాది ఉత్త ఆవేశమేనని ఒప్పేసుకోవడం రెండోది. ఇది మరీ ప్రమాదం. అలా ఒప్పుకుంటే మా తాతలకు సంక్లిష్టమైన ఆలోచనే లేదని మనమే సంతకం పెట్టినట్టు.

చిక్కన, పదును

దళిత కవిత్వం తన మాటలు తానే ఎంచుకుంది. 1995లో వచ్చిన సంకలనం పేరు చిక్కనవుతున్న పాట. 1996లో వచ్చిన దాని పేరు పదునెక్కిన పాట. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత మనవాళ్ళు కవిత్వాన్ని కొలవడానికి తెచ్చుకున్న మాటలు ఇవి. చిక్కన, పదును. విమర్శకులు లోపలి కవితల మీద వాదించుకున్నారు గాని, ఈ పేర్లను కొలమానాలుగా ఎవరైనా తీసుకున్నారా?

పదును అనే మాట చూడండి. కత్తికి పదును. నేలకు పదును. తోలుకు పదును. మా అమ్మ వాన వెలిసిన మర్నాడు చేనిగట్టు మీద నిలబడి, కాలి బొటనవేలితో మట్టి గీసి, "రేపటికి పదునుకొస్తది" అనేది. నీళ్ళు లోపలిదాకా దిగాయి, పైన ఇంకా జిగటగా ఉంది, ఈరోజు దున్నితే గడ్డలు కడుతుంది, ఎల్లుండి దాకా ఆగితే ఆరిపోతుంది, కాబట్టి రేపు పొద్దున విత్తనం పడాలి. ఇంత వాక్యాన్ని ఒక్క మాటలో పెట్టడమే వామనుడు చెప్పిన ప్రౌఢి. మా అమ్మ వామనుణ్ణి చదవలేదు. వామనుడు మా చేను చూడలేదు.

మా తాత లంద దగ్గర పని చేసినవాడు. పచ్చితోలును నానబెట్టి, సున్నంలో వేసి వెంట్రుకలు పోగొట్టి, లోపలి కండ గీకి, తంగేడు చెక్క నీళ్ళలో ఊరబెట్టేవాడు. ఎన్నాళ్ళు ఊరాలని అడిగితే లెక్క చెప్పేవాడు కాదు. గొడ్డును బట్టి, దాని వయసును బట్టి, ఎండను బట్టి అనేవాడు. బొటనవేలితో నొక్కి చూసి, వాసన చూసి, ఇక తియ్యొచ్చనేవాడు. ఒక రోజు తొందరపడితే తోలు బిరుసు, ఆలస్యమైతే కుళ్ళు. అదే చేత్తో డప్పు మూసేవాడు. వాయించే ముందు మంట దగ్గర కాచి శ్రుతి పట్టేవాడు. చావుకొక దరువు, పెళ్ళికొక దరువు, జాతరకొక దరువు. దూరాన ఉన్నవాళ్ళు ఒక్క మాట వినపడకుండానే ఊళ్ళో ఏం జరిగిందో తెలుసుకునేవాళ్ళు. ఇది సంక్లిష్టం కాదా? సున్నితం కాదా?

ఇక్కడొక జాగ్రత్త. ఆ పనిని నేను పొగడటం లేదు. చచ్చిన గొడ్డును మొయ్యడం మా తాత కోరుకున్నది కాదు. కులం నెత్తిన పెట్టింది. లంద కంపు మధ్య బతకడంలో గొప్పేమీ లేదు. ఆ పని నుంచి బయటపడటానికే నేను చదువుకున్నాను. పని వెట్టి. ఆ పనిలో ఉన్న తెలివి మాత్రం వెట్టి కాదు. వెట్టిని కాదంటూనే తెలివిని లెక్కలోకి తేవాలి. రెంటినీ కలిపి పారేస్తే నష్టం మనకే. రెంటినీ కలిపి పూజిస్తే లాభం వాళ్ళకే.

మా అమ్మ 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో నడిచిన సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రి బడికి పోయి సంతకం నేర్చుకుంది. ఆ బడుల్లోనే, సారా మీద రాసిన పాఠం చదివిన ఆడవాళ్ళు మొదలుపెట్టింది 1992 నాటి దూబగుంట పోరాటం. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఒక వాచకంలోని పాఠం ప్రభుత్వాన్ని కదిలించింది. తెలుగులో ఏ ప్రౌఢ ప్రబంధం ఆ పని చేసింది? పాఠంలో ఉన్నవి చిన్న మాటలు. చదివినవాళ్ళ బతుకులో ఉన్నది పదును.

మన ప్రౌఢం

ఇంతదాకా ఇతరులను అడిగాం. మనల్ని మనం అడుగుకోవద్దా? ఇప్పటి కుర్రవాళ్ళు ప్రౌఢమనరు, సొఫిస్టికేటెడ్ అంటారు. ఇంగ్లీషులో ఆ మాటకు ఒకప్పుడు కల్తీ అయినదనే అర్థం ఉండేది. ఇప్పుడది మెప్పు. మనం దళిత అధ్యయనాల పేరుతో రాస్తున్న వ్యాసాల్లో ఎంత చిక్కదనం ఉందో, ఎంత కల్తీ ఉందో తేల్చుకోవాలి. సంస్కృత సమాసం స్థానంలో ఇంగ్లీషు సిద్ధాంతం తెచ్చి పెడితే అరుగు ఎత్తు తగ్గదు. రాయి మారుతుంది అంతే.

నా సిద్ధాంత గ్రంథం బైండు చేయించి ఇంటికి తీసుకుపోయాను. అమ్మ అట్ట తడిమింది. కూడబలుక్కుంటూ మొదటి పేజీ సగం దాకా చదివింది. "మన మాట యాడుందిరా నాయనా ఇందులో?" అనింది. నేను పేజీలు తిప్పి అనుబంధంలో చూపించాను. డప్పు దరువుల పేర్లు, తోలు పనిముట్ల పేర్లు అక్కడున్నాయి. అమ్మ, తాత చెప్పిన మాటలన్నీ చివర్న జాబితాలో ఉన్నాయి. ముందున్న మూడొందల పేజీల్లో వాటి గురించి మాట్లాడింది నేను. సెమినార్ అధ్యక్షుడు నన్నెక్కడ కూచోబెట్టాడో, నేను మా అమ్మను అక్కడే కూచోబెట్టాను.

లోతైన విషయాన్ని ఎప్పుడూ తేలిక మాటల్లోనే చెప్పాలని నా వాదన కాదు. కులం తేలిక విషయం కాదు. కొన్నిసార్లు వాక్యం పెద్దదవుతుంది, కొత్త మాట కావాల్సొస్తుంది. కానీ ఆ కష్టం విషయంలోంచి రావాలి. చదివేవాణ్ణి బయట నిలబెట్టడానికి రాకూడదు. తోలు ఊరడానికి రోజులు పడుతుంది, నిజమే. ఆ రోజులు తోలు కోసం. చూసేవాళ్ళను భయపెట్టడానికి కాదు.

అంచేత మూడు పనులు మనం మొదలుపెట్టాలి. పాఠం చెప్పే అధ్యాపకులు, విద్యార్థి కాగితం మీద 'ప్రౌఢత లేదు' అని రాసే ముందు ఏ వాక్యంలో ఏ ఆలోచన తెగిపోయిందో వేలు పెట్టి చూపించాలి. చూపించలేకపోతే ఆ మాట రాయకూడదు. పరిశోధక విద్యార్థులు, మనవాళ్ళ పనిమాటలను అనుబంధంలోంచి అధ్యాయాల్లోకి తేవాలి. వాటిని సేకరించిన సరుకుగా చూడకుండా ఆలోచించే పనిముట్లుగా వాడాలి. కార్యకర్తలు, కరపత్రం రాసినా పాట కట్టినా, మనది సాదాసీదా అని ముందే తగ్గించుకోవడం మానాలి.

ప్రౌఢం అనే మాటను వదిలెయ్యమని నేను చెప్పను. వదిలేస్తే అది మళ్ళీ వాళ్ళకే మిగులుతుంది. మరాఠీలో ఓటుకూ, హిందీలో రాత్రి బడికీ వాడినట్టు, వయసొచ్చిన ప్రతి మనిషికీ అది చెందేలా లాక్కోవాలి. దాని పక్కన పదునును నిలబెట్టాలి. ఇకమీదట ఎవరైనా రచనలో ప్రౌఢత ఉందా అని అడిగితే, పదునుందా అని తిరిగి అడుగుదాం. దేన్ని కొయ్యడానికి, ఏ నేలలో విత్తడానికి అని కూడా అడుగుదాం.

ఆనాడు తిరగరాసిన పత్రం నా దగ్గర ఇంకా ఉంది. మొదటి ప్రతి కోసం వెతికాను. దొరకలేదు. ఇప్పుడు మూడోసారి రాస్తున్నాను. ఈసారి ఒక్కొక్క పేజీ అమ్మకు చదివి వినిపిస్తున్నాను. ఆమె ఆపమన్నచోట ఆపుతున్నాను.